ఒవియేడోను బతికించింది అభిమానులా, కార్లోస్ స్లిమ్మా?

#1 నీలిచొక్కా

నిన్న వేరే చర్చలో లెక్కలమాస్టారు గారు ఒక మాట రాశారు: "రియల్ ఒవియేడో ఫుట్‌బాల్ క్లబ్బును 2012లో బతికించింది మెక్సికో కోటీశ్వరుడు కార్లోస్ స్లిమ్. అభిమానుల కథ పత్రికలకు పనికొస్తుంది, అంతే." అది చదివాక నిద్ర పట్టలేదు. అక్కడ ప్రస్తావన వేరు కాబట్టి ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నాను.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. స్పెయిన్ ఉత్తర తీరాన ఉన్న అస్టూరియాస్ ప్రాంతానికి రాజధాని ఒవియేడో. రెండు స్థానిక జట్లు కలిసిపోవడంతో 1926లో ఈ క్లబ్బు పుట్టింది. 1991లో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూఏఫా కప్‌లో ఆడింది. 2001లో మొదటి డివిజన్ నుంచి దిగిపోయింది. 2003లో రెండో డివిజన్‌లో ఓడి మూడో అంచెకు పడింది. ఆ వేసవిలోనే, ఆటగాళ్లకు జీతాల బాకీ తీర్చలేదన్న కారణంగా మరో మెట్టు కిందికి, నాలుగో అంచెకు తోసేశారు. 2012 నవంబరుకు పరిస్థితి ఇంకా దిగజారింది. రెండు వారాల్లో దాదాపు ఇరవై లక్షల యూరోలు తేకపోతే క్లబ్బు మూతపడుతుంది. అప్పుడు ఒక్కొక్కటి 10.75 యూరోల చొప్పున వాటాలు అమ్మకానికి పెట్టారు. ఆ ఊరిలో చదువుకున్న ఇంగ్లీషు పాత్రికేయుడు సిడ్ లో ఈ సంగతి ప్రపంచానికి చెప్పాడు. ఒవియేడోలో ఆట నేర్చుకుని ఇంగ్లండు వెళ్లిన సాంతీ కజోర్లా, హువాన్ మాతా, మిచూ తమ డబ్బు పెట్టారు. ఆ ఊరు మ్యాపులో ఎక్కడుందో కూడా తెలియని వేలమంది పదుల దేశాల నుంచి కొన్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ వేలమందిని "పత్రికలకు పనికొచ్చే కథ" అనడం అన్యాయం. మాస్టారు గారు ఇక్కడికి వచ్చి సమాధానం చెప్పాలి.

#2 లెక్కలమాస్టారు

వచ్చాను. నేను అన్నమాట మీదే ఉన్నాను.

ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి విరమించినవాణ్ణి. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే: గడువు ఏ రోజు, ఆ రోజుకు ఖాతాలో ఎంత ఉంది? గడువు నవంబరు 17. స్లిమ్ సంస్థ ఇరవై లక్షల యూరోలు పెట్టిందని తెలిసింది కూడా నవంబరు 17నే. ఒక వాటా 10.75 యూరోలు అంటే, అంత సొమ్ము రావడానికి లక్షా ఎనభై ఆరు వేల వాటాలు అమ్ముడుపోవాలి. ఒక్క మనిషి ఒక్క సంతకంతో అది చేశాడు. క్లబ్బులో అతిపెద్ద వాటాదారు అయ్యాడు.

అభిమానుల మనసు మంచిది, కాదనను. కానీ పెళ్లిలో చదివింపులు చదివించినవాళ్లందరూ ఆ పెళ్లి చేసినట్టేనా? పెళ్లి చేసినవాడు వేరే ఉంటాడు.

#3 గోదారిగోలీ

ఇద్దరూ కాదు. కజోర్లా. చర్చ ముగిసింది.

#4 నీలిచొక్కా

గోలీ గారూ, కజోర్లా సంగతికి తర్వాత వద్దాం. నాకూ ఆయనంటే ప్రాణం.

మాస్టారు గారూ, చదివింపుల మాట బాగా నొప్పించింది. మీరు 2012 నవంబరు 17 అనే ఒక్క రోజు పట్టుకుని వేలాడుతున్నారు. ఆ రోజుకు స్లిమ్ కొనడానికి ఒక క్లబ్బు ఉండాలి కదా! అది ఎందుకు ఉంది? 2003 వేసవి తెలిస్తే ఈ ప్రశ్నకు జవాబు తెలుస్తుంది.

నాలుగో అంచెకు పడిన ఆ వేసవిలో నగరపాలక సంస్థ పాత క్లబ్బును వదిలేసింది. మేయరు గబీనో దె లొరెంసో కొత్త జట్టు వైపు మొగ్గాడు. అస్తుర్ అనే చిన్న స్థానిక క్లబ్బుకు ఒవియేడో ఏసీఎఫ్ అని పేరు మార్చి, ఇకమీదట ఊరి జట్టు ఇదే అన్నట్టు నిలబెట్టారు. కొత్త కార్లోస్ తార్తియేరే స్టేడియం నగరానిదే. 2000లో ప్రారంభమైంది, ముప్పై వేల మంది పడతారు. అంటే అధికారం, స్టేడియం, డబ్బు అన్నీ ఒక వైపు. అప్పుల్లో మునిగిన పేరు ఒక్కటే రెండో వైపు.

జనం ఏం చేశారు? అప్పుల క్లబ్బు వెంట నడిచారు. నాలుగో అంచెలో ఆడే జట్టుకు పదివేలకు పైగా సీజన్ టికెట్లు అమ్ముడుపోయాయి. ఆ అంచెలో ప్రత్యర్థి ఊళ్ల జట్లకు కొన్ని వందలమంది వస్తే గొప్ప. అలాంటి చోట పెద్ద స్టేడియంలో నీలి చొక్కాలు నింపారు. 2005లో పైకి ఎక్కారు, 2007లో మళ్లీ పడ్డారు, 2009లో మళ్లీ ఎక్కారు. ఒక్కసారి కూడా వదల్లేదు. చివరికి మేయరు ముచ్చటపడిన జట్టే వెలవెలబోయింది.

స్లిమ్‌కు అప్పట్లో ఒవియేడో పేరైనా తెలుసో లేదో. 2003లో జనం వదిలేసి ఉంటే 2012 వచ్చేదే కాదు.

#5 లెక్కలమాస్టారు

మీ శీర్షికలో ఉన్నది 2012 సంగతి. ఇప్పుడు 2003కు వెళ్లారు. రేపు 1926కు వెళతారు. ప్రశ్న మార్చి గెలవడం వాదన కాదు.

నేను మళ్లీ అడుగుతున్నాను. నవంబరు 17 ఉదయానికి స్లిమ్ డబ్బు తీసేసి చూడండి. క్లబ్బు ఊపిరి పీల్చుకోగలిగేదా? గడువు దాటిన మర్నాడు అప్పులవాళ్లు తలుపు తట్టేవారు కాదా? అవును, కాదు అని రెండు ముక్కల్లో చెప్పండి.

#6 సాయంత్రం_మైదానం

రియల్ మాడ్రిడ్ కూడా లక్ష యూరోల వాటాలు కొన్నది. ఆ మాట ఎవరూ అనరేం? మాడ్రిడ్ చేసిన మంచి పని ఈ వేదికలో ఎవరికీ కనపడదు.

#7 నీలిచొక్కా

మాస్టారు గారూ, మీ ప్రశ్నను తిరగేస్తాను. అభిమానుల డబ్బు తీసేసి చూడండి. రెండు వారాల పాటు ప్రపంచమంతా మాట్లాడుకోకపోతే మెక్సికోలో కూర్చున్న మనిషి చెవిన ఈ మాట పడేదా? అంత పెద్ద వ్యాపారి, చచ్చిపోతున్న మూడో అంచె క్లబ్బును చూసి డబ్బు పెట్టలేదు. ఆ క్లబ్బు వెనక కదిలిన జనాన్ని చూసి పెట్టాడు. రెండు ముక్కల్లో జవాబు కావాలన్నారు కదా: జనమే ముందు.

#8 కుడివింగు

మీరిద్దరూ 2003 గురించి ఎంత సులభంగా మాట్లాడుతున్నారో చూస్తే ఒళ్లు మండుతోంది. "జీతాల బాకీ తీర్చలేదన్న కారణంగా మెట్టు కిందికి తోసేశారు" అని నీలిచొక్కా గారు ఒక్క వాక్యంలో దాటేశారు. తోసేసింది ఎవరు? ఎందుకు?

స్పెయిన్‌లో నిబంధన ఉంది. ఆటగాళ్ల బాకీ జులై నెలాఖరులోగా తీర్చాలి, లేకపోతే కింది అంచెకు పంపుతారు. సంఘం ద్వారా ఫిర్యాదు చేసిన ఆటగాళ్లు అడిగింది తాము అప్పటికే ఆడేసిన ఆటకు కూలి. ఇంటి అద్దెలు, పిల్లల చదువులు వాళ్లకూ ఉంటాయి. ఒవియేడో కథ చెప్పే ప్రతివాడూ అభిమానుల కన్నీళ్ల గురించి చెబుతాడు, ఆ జీతాలు అందనివాళ్ల గురించి ఒక్కరూ చెప్పరు.

నాకు ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు. నేను పనిచేసిన ఒక సంస్థలో నెలల తరబడి జీతాలు ఆపారు. కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టినవాళ్లలో నేనొకణ్ణి. సంస్థ మూతపడింది. ఆ తర్వాత మా వీధిలోనే ఒకాయన నా మొహం మీద అన్నాడు, "నీవల్లే మూతపడింది" అని. మూయించింది డబ్బు తినేసినవాళ్లు. నింద మోసింది అడిగినవాళ్లం. అందుకే "క్లబ్బును ఎవరు బతికించారు" అనే ప్రశ్న నాకు చేదుగా ఉంటుంది. ముందు ఎవరు చంపారో చెప్పండి.

#9 గోదారిగోలీ

కుడివింగు గారు చెప్పింది నిజం. ఆ ఏడాదే కజోర్లా విల్యారియల్ వెళ్లిపోయాడు, మాతా రియల్ మాడ్రిడ్ పిల్లల జట్టుకు వెళ్లాడు. ఒక ఊరు ఒకే వేసవిలో ఇద్దరు భావి యూరో కప్ విజేతలను పోగొట్టుకుంది.

#10 నీలిచొక్కా

కుడివింగు గారూ, ఆటగాళ్లను నేను ఒక్క మాట అనలేదు. అనను కూడా. తప్పు యాజమాన్యానిది, అందులో రెండో మాట లేదు. కానీ అభిమానులు ఆటగాళ్ల కూలి ఎగ్గొట్టలేదు కదా! వాళ్లు టికెట్టు డబ్బు ఇచ్చారు. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో వాళ్లకూ ఎవరూ చెప్పలేదు. మీరూ వాళ్లూ ఒకే వైపు ఉన్నారు, దయచేసి గమనించండి.

#11 పాతబంతి

ఈ క్లబ్బు కథ 2003లోనో 2012లోనో మొదలైనట్టు రాస్తున్నారు. కొంచెం వెనక్కి వెళదాం. లెక్కలమాస్టారు గారు కోప్పడినా సరే.

ఒవియేడో మొదటి డివిజన్‌కు వచ్చింది 1933లో. ఆ జట్టు ముందు వరుసకు "విద్యుత్ దళం" అని పేరు: కసూకో, గల్యార్త్, లాంగరా, ఎర్రెరీతా, ఎమిలీన్. ఇసీద్రో లాంగరా 1934, 1935, 1936, వరుసగా మూడేళ్లు లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టాడు. స్పెయిన్ తరఫున 12 మ్యాచ్‌లలో 17 గోల్స్. 1935లోనూ 1936లోనూ ఒవియేడో లీగ్‌లో మూడో స్థానంలో నిలిచింది. అంతర్యుద్ధం రాకపోతే ఆ జట్టు ఒక ఛాంపియన్‌షిప్ గెలిచేదని నా గట్టి నమ్మకం.

యుద్ధం వచ్చింది. 1936 వేసవి నుంచి ఒవియేడో నగరం ముట్టడిలో ఉంది. కర్నల్ అరాందా, తిరుగుబాటు సైన్యాధిపతి ఫ్రాంకో పక్షాన నగరాన్ని పట్టుకుని లోపల కూర్చుంటే, గని కార్మికుల దళాలు చుట్టుముట్టాయి. వాళ్ల మైదానం బ్వెనవిస్తా పోరాట రేఖ మీద పడింది, ధ్వంసమైంది. లీగ్ 1939లో మళ్లీ మొదలైనప్పుడు ఆడుకోవడానికి చోటు లేదు. ఒక సీజన్ ఆడకుండానే మొదటి డివిజన్‌లో చోటు నిలబెట్టుకోవడానికి ఫెడరేషన్ అనుమతించింది. అంటే ఈ క్లబ్బును మొదటిసారి బతికించింది ఒక కాగితం మీది మినహాయింపు. ఇది ఎంతమందికి తెలుసు?

లాంగరా ఏమయ్యాడు? ఉత్తర స్పెయిన్‌లోని బాస్కు ప్రాంతపు జట్టుతో విదేశాలకు వెళ్లి అక్కడే ఉండిపోయాడు. అర్జెంటీనాలో సాన్ లొరెంసోకు తొలి మ్యాచ్‌లోనే రివర్ ప్లేట్ మీద నాలుగు గోల్స్ కొట్టాడు. తర్వాత మెక్సికోలో ఆడాడు. 1946లో ఒవియేడోకు తిరిగి వచ్చి మళ్లీ ఆ నీలి చొక్కా వేసుకున్నాడు. అస్టూరియాస్ నుంచి మెక్సికోకు వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2012లో స్లిమ్, 2022లో ఫుట్‌బాల్ జట్లు నడిపే పచూకా సంస్థ, ఇద్దరూ మెక్సికో నుంచి రావడం గాలివాటు సంగతి కాదు. ఆ దారి చాలా పాతది.

#12 లెక్కలమాస్టారు

పాతబంతి గారూ, లాంగరా మహానుభావుడే. నమస్కారం. కానీ ప్రశ్న నవంబరు 17.

నీలిచొక్కా గారు "జనమే ముందు" అన్నారు. ముందు వచ్చినవాడు కాపాడినవాడు కాడు. గడువుకు లోటు పూడ్చినవాడు కాపాడినవాడు.

#13 అనంతసీమ

నేను ఈ వేదికలో ఎక్కువ రాయను. మాస్టారు గారి మాటకు మాత్రం జవాబు చెప్పాలనిపించింది.

మాది అనంతపురం జిల్లా. చిన్న మొత్తాలు ఏం చేస్తాయో మాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. స్పెయిన్ నుంచి వచ్చిన విసెంతే ఫెర్రర్ 1969లో అనంతపురంలో అడుగుపెట్టారు. 2009లో ఆయన పోయేనాటికి ఆయన స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ బడులు, ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి కట్టింది. ఆ డబ్బు ఏ ఒక్క కోటీశ్వరుడిదో కాదు. స్పెయిన్‌లో ఎక్కడెక్కడి కుటుంబాలో నెలనెలా పంపిన కొద్దిపాటి సొమ్ము. వాళ్లలో చాలామంది మా ఊళ్లు ఎప్పుడూ చూడలేదు. నాకు చదువు వచ్చింది ఆ డబ్బుతో. మా మైదానంలో బంతి వచ్చింది కూడా ఆ డబ్బుతోనే. ఒక స్పెయిన్ కుటుంబం ఫొటో మా ఇంట్లో గోడ మీద ఉండేది.

అందుకే ఎవరో తెలుగువారు 2012లో ఒవియేడో వాటా కొన్నారని చదివితే నాకు సంతోషం వేసింది. 10.75 యూరోలు చదివింపు కాదు మాస్టారు గారూ. మా ఊళ్లు నిలబడింది అలాంటి డబ్బుతోనే.

#14 సాయంత్రం_మైదానం

అనంతసీమ గారూ, నమస్కారాలు. ఇలాంటివి మీరు తరచూ రాయాలి.

#15 లెక్కలమాస్టారు

అనంతసీమ గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ అది దానం. మీ ఊరికి డబ్బు పంపినవాళ్లు వాటాలు కొనలేదు, వాటాదారుల పత్రం పట్టుకుని "ఈ సంస్థ నాది" అనుకోలేదు. ఇచ్చారు, మరిచిపోయారు. అందులో మోసం లేదు.

ఒవియేడోలో జరిగింది అది కాదు. జనానికి వాటాలు అమ్మారు. "మీరు యజమానులు" అన్నారు. అదే రోజు అసలు యజమాని వేరొకడు వచ్చి కూర్చున్నాడు. నీలిచొక్కా గారి దగ్గర ఇప్పటికీ ఆ పత్రం గోడకు కట్టి ఉండి ఉంటుంది. ఆ పత్రంతో క్లబ్బులో ఒక్క కుర్చీ కదిలించగలరా? ఇలాంటి కాగితాలు మా నాన్నగారి పెట్టెలో కూడా ఉన్నాయి. సెంటిమెంటుతో డబ్బు పెట్టేవాళ్లు ఉన్నంతకాలం పైనున్నవాళ్లు తింటూనే ఉంటారు. అప్పు చేసిన యాజమాన్యాన్ని రెండు వారాల ఆవేశంతో గట్టెక్కించారు. మీరు బతికించింది క్లబ్బును కాదు, ఆ అప్పును.

#16 నీలిచొక్కా

ఇక చాలు మాస్టారు గారూ. మీ వయసుకు గౌరవం ఇచ్చి ఇంతవరకు ఊరుకున్నాను.

గోడకు కట్టి ఉండి ఉంటుంది అన్నారు. అవును, కట్టే ఉంది. మా అమ్మ పోయిన ఏడాది కొన్న వాటా అది. అప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేక, కనీసం ఎక్కడో ఒక ఊరిలో ఒకటి మూతపడకుండా చూద్దాం అనుకున్నాను. దాన్ని మీరు మోసపోవడం అంటున్నారు. నేను మోసపోలేదు! లాభం కోసం కొనలేదు, అధికారం కోసం కొనలేదు. మీ బ్యాంకు భాషలో ఆ డబ్బుకు ఖాతా లేదు, అంతే.

"అప్పును బతికించారు" అన్న మాట వెనక్కి తీసుకోండి. క్లబ్బు మూతపడి ఉంటే ఎవరికి న్యాయం జరిగేది? బాకీపడ్డవాళ్లకు చిల్లిగవ్వ రాదు. అప్పు చేసినవాడు ఇంటికి పోయి హాయిగా పడుకుంటాడు. శిక్ష పడేది ఆదివారం స్టేడియానికి వెళ్లే ముసలాయనకు, ఆయన మనవడికి.

#17 కుడివింగు

మాస్టారు గారు చెప్పిన చివరి వాక్యం మాత్రం నాకు న్యాయంగానే అనిపించింది. ఎప్పుడూ జనమే పూడ్చాలా?

#18 నిర్వాహకుడు

వ్యక్తిగత విషయాల మీదికి వెళ్లవద్దు. నీలిచొక్కా గారికి సానుభూతి. మాస్టారు గారూ, గోడ మీది పత్రం ప్రస్తావన అనవసరం. చర్చను క్లబ్బు దగ్గరే ఉంచండి, లేకపోతే తాళం వేస్తాను.

#19 లెక్కలమాస్టారు

నీలిచొక్కా గారూ, మీ అమ్మగారి సంగతి నాకు తెలియదు. ఆమెకు నా నమస్కారం.

కానీ నా మాట వెనక ఏముందో కూడా వినండి. మా నాన్నగారు చిన్న రైతు. ఒక సహకార సంఘంలో వాటా కొన్నారు. "ఇది మనందరిదీ" అని చెప్పి అమ్మారు. ఆయన ఆ మాటను మనసారా నమ్మారు. పంట అమ్మిన డబ్బు అందులోనే దాచారు. సర్వసభ్య సమావేశానికి శుభ్రమైన పంచె కట్టుకుని వెళ్లేవారు. నలుగురు పెద్దవాళ్లు ముందు రోజే అన్నీ నిర్ణయించుకునేవారు, ఈయన చేయి ఎత్తి వచ్చేవారు. సంఘం దివాలా తీసింది. మా నాన్నగారికి పోయిన డబ్బు కన్నా ఎక్కువగా బాధించింది ఒక్కటే: అది తనది అనుకోవడం. నేను బ్యాంకు ఉద్యోగంలో చేరింది అందుకే. ఎవరైనా "చిన్న వాటాదారులు కాపాడారు" అంటే నాకు ఆ పంచె గుర్తుకొస్తుంది. నేను మీ డబ్బును వెక్కిరించడం లేదు. దాన్ని తీసుకున్నవాళ్లు మీకు ఏం ఇచ్చారని అడుగుతున్నాను.

2022లో పచూకా సంస్థ 51 శాతం కొన్నది. అది మీకు చెప్పి చేశారా? మిమ్మల్ని అడిగారా?

#20 నీలిచొక్కా

అడగలేదు.

ఇప్పుడు అర్థమైంది. మీరు మొదటి నుంచి అడుగుతున్నది నవంబరు 17న ఎవరు కాపాడారని కాదు, కాపాడినవాళ్లకు అది దక్కిందా అని. ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు.

నా జవాబు ఇది. వాటా దక్కలేదు, నిజమే. కానీ ఆ క్లబ్బును ఊరి నుంచి ఎవరూ ఎత్తుకుపోలేకపోయారు. 2003లో మేయరు ప్రయత్నించి ఓడాడు. స్లిమ్ వచ్చాడు, పక్కకు జరిగాడు. పచూకా వచ్చింది, రేపు అదీ పోవచ్చు. నీలి చొక్కా, పేరు, ఊరు అలాగే ఉన్నాయి. 2015లో రెండో డివిజన్‌కు ఎక్కారు. 2023లో కజోర్లా తిరిగి వచ్చాడు. లీగ్ అనుమతించే కనీస జీతానికి ఆడతానన్నాడు, తన పేరుతో అమ్మే చొక్కాల సొమ్ములో పదో వంతు పిల్లల శిక్షణకు వెళ్లాలని అడిగాడు. 2024లో మొదటి డివిజన్‌కు ఎక్కే పోటీలో ఆఖరి మెట్టు మీద ఎస్పాన్యోల్ చేతిలో ఓడిపోయారు. 2025 జూన్ 21న మిరాందేస్ మీద, మొదటి మ్యాచ్ 1-0తో ఓడినా, సొంత మైదానంలో అదనపు సమయం దాకా వెళ్లి 3-1తో గెలిచారు. అందులో ఒవియేడో మొదటి గోల్ కజోర్లాదే, పెనాల్టీ. నలభై ఏళ్ల మనిషి. 24 ఏళ్ల తర్వాత మొదటి డివిజన్. ఆ రాత్రి తార్తియేరేలో ఏడ్చినవాళ్లలో ఒక్కరైనా "ఇది పచూకాది" అనుకుని ఉంటారా?

#21 గోదారిగోలీ

నేను మూడో పోస్టులోనే చెప్పాను, కజోర్లా అని.

#22 కుడివింగు

నీలిచొక్కా గారూ, ఏడ్చినవాళ్లది అనుకోవడానికి బాగుంది. రేపు యజమాని మళ్లీ జీతాలు ఆపితే ఆ ఏడ్చినవాళ్లు ఏం చేయగలరు? మళ్లీ వాటాలు కొంటారు. అంతేనా?

#23 పాతబంతి

కుడివింగు గారి ప్రశ్నకు వేళ్లు 1990 క్రీడా చట్టంలో ఉన్నాయి. అంతవరకు స్పెయిన్ క్లబ్బులన్నీ సభ్యులవి. సభ్యులే అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవారు. అప్పులు పెరిగిపోయాయని ప్రభుత్వం చట్టం చేసి, వృత్తి క్లబ్బులను వాటాల కంపెనీలుగా మార్చమంది. ఖాతాలు సరిగా ఉన్న నాలుగింటికి మాత్రమే మినహాయింపు దొరికింది: రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావో, ఒసాసునా. ఒవియేడో 1992లో కంపెనీ అయింది. 66 ఏళ్లు సభ్యులది అయిన క్లబ్బు ఆ ఏడాది నుంచి ఎవరు ఎక్కువ వాటాలు కొంటే వారిది. 2012లో జనం తమ డబ్బుతో కొన్నది ఇరవై ఏళ్ల క్రితం తమ చేతిలో నుంచి లాక్కున్నదాన్నే. అదీ కొద్ది ముక్కే దక్కింది.

పైగా ఆ చట్టం వచ్చింది అప్పులు ఆపడానికి. ఒవియేడో జీతాలు ఎగ్గొట్టింది కంపెనీ అయ్యాకే కదా మాస్టారు గారూ?

#24 లెక్కలమాస్టారు

నిజమే, కంపెనీ అయ్యాకే. కానీ ఒసాసునాను గొప్పగా చూపించకండి. అది ఇప్పటికీ సభ్యుల క్లబ్బే. అయినా పన్నుల బాకీ కొండంత పెరిగి, 2014లో మొదటి డివిజన్ నుంచి పడిపోయాక, తన ఎల్ సాదార్ స్టేడియాన్నే నవర్రా ప్రాంతీయ ప్రభుత్వానికి ఇచ్చేసి లెక్క సరిచేసుకోవలసి వచ్చింది. ఓటు ఉన్న సభ్యులు అక్కడ ఏం చేశారు? మా నాన్నగారికీ ఓటు ఉండేది.

#25 అనంతసీమ

స్టేడియం ప్రభుత్వానికి పోయింది, ఆ ఊరికే ఉంది. క్లబ్బును మాత్రం ఎవరికీ అమ్మలేకపోయారు కదా మాస్టారు గారూ. అమ్మే హక్కు అక్కడ ఎవరి చేతిలోనూ లేదు.

#26 నీలిచొక్కా

మాస్టారు గారూ, మీ నాన్నగారి సంఘంలో పుస్తకాలు ఎవరైనా అడిగి చూసే వీలు ఉండేదా? చిన్న వాటాదారుడికి ఓటు లేకపోయినా లెక్కలు చూసే హక్కు గట్టిగా ఉండి ఉంటే 2012 నవంబరు దాకా వచ్చేది కాదని నాకు అనిపిస్తోంది. మీరు బ్యాంకులో చేసిన పని అదే కదా. ఒవియేడోలో చిన్న వాటాదారుల సంఘాలు ఉన్నాయి. నా ఒక్క వాటా ఓటు వాళ్లలో ఒకరికి అప్పగించే పత్రం ఎలా రాయాలో కనుక్కుంటాను. వార్షిక లెక్కలు సంపాదిస్తే మీరు చదివి చెబుతారా?

#27 లెక్కలమాస్టారు

పంపండి. స్పానిష్ రాదు, కానీ ఆస్తి అప్పుల పట్టీ ఏ భాషలో ఉన్నా చదవగలను. 2012 నుంచి వరుసగా అన్ని ఏళ్లవీ కావాలి. కుడివింగు గారూ, జీతాల పద్దు మీరు చూడండి.

నవంబరు 17 మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు.